సముద్రం మీద మిరప కల్లం

మా మేనమామ ప్రత్తిపాడులో ఆవలిస్తే పెదకాకానిలో మా ఇంటి కిటికీ రెక్కలు కొట్టుకునేవి. నమ్మనివాళ్ళు నమ్మక్కర్లేదు గానీ, ఆ ఊళ్ళో మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు ఆయన దెబ్బకు వ్యాపారం సాగక గుంటూరు వెళ్ళి టిఫిన్ బండి పెట్టుకున్నాడు. పత్తి చేలో కలుపు తీసే కూలీలను మధ్యాహ్నం అన్నానికి లేవమని ఆయన ఇంటి అరుగు మీద నుంచే కేకేసేవాడు. ఆ కేకకు మూడు ఊళ్ళ కూలీలు ఒకేసారి గట్టెక్కి క్యారేజీలు విప్పుకునేవారు. తమ రైతు ఇంకా పిలవలేదని అందులో చాలామందికి తిన్న తర్వాత గానీ తెలిసేది కాదు.

ఆయన కేకలన్నిటికీ రాజులాంటి కేక ఒకటుంది. అది మిరపకాయలు కల్లంలో ఉన్న రోజుల్లోనే వినిపించేది. చదును చేసిన నేల మీద కోసిన కాయనంతా ఎర్రటి జంపఖానాలా పరిచి పదిహేను ఇరవై రోజులు ఎండబెడతారు. ఆ రోజుల్లో ఒక్క జల్లు పడితే చాలు, కాయ తెల్లబడి తాలుకాయ అయిపోతుంది, ఏడాది కష్టం ఎందుకూ పనికిరాకుండా పోతుంది. అందుకని ఆకాశంలో అరచెయ్యంత మబ్బు కనిపిస్తే మావయ్య కల్లం మధ్యలో నిలబడి, మెడనరాలు తాళ్ళలా లేపి, "పట్టా కప్పండ్రా! కాయ తడుస్తందిరోయ్!" అని అరిచేవాడు. ఆ అరుపు వింటే తనకు కల్లం లేనివాడు కూడా టార్పాలిన్ పట్టా పట్టుకుని పరిగెత్తేవాడు. ఒకసారి ఆర్టీసీ బస్సు డ్రైవరు బస్సాపి, టాపు మీది సామాన్ల మీద పట్టా కప్పి మరీ బయల్దేరాడు.

తొంభైల చివర్లో ఒక ఏడాది కల్లాల మీద కాయ ఉండగా వరసగా మూడు రోజులు మబ్బులు పట్టాయి. మూడు రోజులూ మిరప ఘాటులో నిలబడి మావయ్య అదే కేక వేశాడు. చినుకు పడలేదు. నాలుగో రోజు పొద్దున మళ్ళీ మబ్బు పట్టింది. మావయ్య కల్లం మధ్యలోకి వెళ్ళాడు, ఛాతీ నిండా గాలి పీల్చాడు, నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. కేక సగంలో తెగిపోవడం కూడా కాదు, అసలు బయల్దేరనే లేదు. ఆయన నోరు అలాగే తెరుచుకుని ఉంది, కూలీలు అలాగే చూస్తున్నారు. ఆ రోజు ఆ ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే చేలో పత్తికాయ పగిలిన చప్పుడు నడివీధిలో వినిపించిందని మా అత్త ఇప్పటికీ చెబుతుంది. మా అత్త అంటే మావయ్య భార్య. పెంచి చెప్పడంలో ఆవిడ నాకు గురువు.

గుంటూరులో గొంతు డాక్టరు చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి, "లోపల కాయ కాసింది. మూడు నెలలు మాట్లాడకుండా మందులు వాడండి. తగ్గకపోతే కోసి తియ్యాలి" అన్నాడు.

"కోస్తే గొంతు వస్తుందాండీ?" అంది అత్త.

"రావచ్చు. రాకపోనూ వచ్చు."

మూడు నెలలు గడిచాయి. తగ్గలేదు. వచ్చే సోమవారం ఆపరేషన్ అని చెప్పి పంపారు. ఆ మూడు నెలలూ ఆ ఇంటికి వెళ్ళాలంటే నాకు భయం వేసేది. గడపలో కాలు పెట్టగానే "ఏరా సచ్చినోడా, బతికున్నావా!" అని గోడలదిరేలా పలకరించే మనిషి, మంచం మీద కూర్చుని కళ్ళతో మాత్రమే చూసేవాడు. నేనొక కండక్టరు ఈల కొనిచ్చాను. ఒక ఈల మంచినీళ్ళకి, రెండు ఈలలు కాఫీకి, పొడుగాటి ఈల అత్తకి. ఈల మోగినప్పుడల్లా ఇల్లు తర్వాతి స్టాపుకి బయల్దేరుతుందేమో అనిపించేది. నేను నవ్వించబోతే ఆయన నవ్వలేదు. పత్తి విత్తనాల ప్యాకెట్టు వెనకాల పెన్సిలుతో రాసి నా చేతిలో పెట్టాడు: "నన్ను కొయ్యనీయొద్దురా."

ఆ చీటీ అత్త కూడా చూసింది. ఆ సాయంత్రమే నిప్పులు తెచ్చి ఆయనకు దిష్టి తీసింది.

మా వైపు దిష్టి తీయడంలో ఒక పరీక్ష ఉంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటొచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఎవరికీ దగ్గు రాకపోతే ఉన్నట్టు. అత్త గుప్పెడు కాయలు వేసింది. పొగ లేచింది, తెల్లగా, మెల్లగా, మావయ్య తల చుట్టూ తిరిగి దూలాల్లోకి పోయింది. ఎవరూ దగ్గలేదు. రెండో గుప్పెడు వేసింది. నేను పొగలోకి తల పెట్టి మరీ పీల్చాను. అగరొత్తి పొగలా ఉంది. మూడో గుప్పెటప్పుడు గుమ్మం దగ్గర ఉన్న పిల్లి కూడా కదలకుండా మావయ్యనే చూస్తూ కూర్చుంది. గుంటూరు మిరపకాయ నిప్పుల్లో పడి ఘాటు రాకపోవడం నా జన్మలో అదొక్కసారే.

"ఇది చిన్న దిష్టి కాదు" అంది అత్త.

మర్నాడే వేటపాలెం వెళ్ళి వాళ్ళక్కని అడిగింది. వాళ్ళక్క నలభై ఏళ్ళు జీడికాయలు కొట్టి కొట్టి, ఆ జీడిరసానికి వేళ్ళు బొగ్గులైపోయిన మనిషి. ఆ వేళ్ళు చూస్తే ఎవరికైనా ఆవిడ మాట నమ్మబుద్ధవుతుంది. మందు ఇలా చెప్పిందట: ఆయన ఒంటి మీద చెమటపట్టిన చొక్కా తీసుకుని, ఉతక్కుండా, దాని నిండా రాళ్ళుప్పూ మిరపకాయలూ కుట్టాలి. ఒడ్డు కనపడని నీళ్ళలో వెయ్యాలి. వేసినాక ఎవరూ వెనక్కి చూడకూడదు. ఎక్కిన రేవులో దిగకూడదు, వేరే రేవులోనే దిగాలి.

ఇంజను పడవలో, వేటపాలెం దగ్గరి ఓడరేవు అనే ఊరి నుంచి నిజాంపట్నం హార్బరు దాకా మేము చేసిన వేసవి విహారానికి కారణం ఇదీ. అందరికీ మాత్రం "సముద్రపు గాలికి తీసుకెళుతున్నాం" అని చెప్పాం. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, మా చుట్టాల్లో పడవెక్కిన అనుభవం నాకొక్కడికే ఉంది. విజయవాడలో కృష్ణ దాటడానికి ఒకసారి ఎక్కాను. పది నిమిషాలు ఎక్కాను, అందులో తొమ్మిది నిమిషాలు కళ్ళు మూసుకున్నాను.

శనివారం తెల్లారేసరికి ఓడరేవు ఇసకలో నిలబడ్డాం. ఫైబరు పడవ. వెనకాల డీజిలింజను, దాన్నుంచి నీళ్ళలోకి పొడుగాటి ఇనుపకాడ, కాడ చివర పంకా. పడవ నడిపే అతనికి నలభై ఏళ్ళుంటాయి. ఇంజను డబ్బా మీద తెల్లరంగుతో శిలువ గీసి ఉంది. అత్త చేతిలో నిమ్మకాయలు చూడగానే అతను చేతులు జోడించాడు.

"అమ్మా, ఏమనుకోవద్దండీ. మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం. పూజలూ దిష్టులూ మా పడవలో వద్దు. మనుషుల్నెంతమందినైనా ఎక్కించుకుంటా, దిష్టిని మాత్రం ఎక్కించుకోను."

"అయ్యో, దిష్టెక్కడిదయ్యా, ఇవి పులిహోరలోకి" అంది అత్త, పొద్దున కలిపిన పులిహోర గిన్నె చంకలోనే పెట్టుకుని.

"మరి అదేందండీ?"

అది మావయ్య చొక్కా. తెల్ల చొక్కా, చేతులు లోపలికి మడిచి, గుండీలు పెట్టి, మెడా అంచులూ కుట్టేసి, పైన తువాలు చుట్టి ముడేసి ఉంది. కుటుంబ దిష్టి అంతటికీ సరిపోవాలని అత్త అందులో ఒక వంటశాలకు ఏడాదికి సరిపడా సరుకు కుక్కింది.

"దిండయ్యా. ఆయనకి నడుంనొప్పి. దిండు లేందే కూర్చోలేడు" అంది అత్త.

మాట నిలబెట్టుకోవడానికి మావయ్యని నిజంగానే దాని మీద కూర్చోబెట్టాం. దాని మీద కూర్చోగానే రాళ్ళుప్పు కరకరమంది. తన దిష్టి మీద తనే ఆనుకుని, మెడలో ఈల వేసుకుని, మావయ్య సముద్రంలోకి బయల్దేరాడు. ఒడ్డు దాటగానే మంచినీళ్ళకని ఒక ఈల వేశాడు. పడవ అతను వెంటనే తల అడ్డంగా ఊపి, "ఈల వద్దు పెద్దాయనా. నీళ్ళ మీద ఈలేస్తే గాలి లేస్తదంటారు మావోళ్ళు" అన్నాడు. ఉన్న ఆ ఒక్క చప్పుడు కూడా అలా పోయింది.

మొదటి గంట నేను వర్ణించలేను, ఎందుకంటే ఆ గంటలో నేను పడవ అంచు పట్టుకుని నా పాపాలన్నీ వరసగా గుర్తుచేసుకుంటున్నాను. ఇద్దరు మునసబులు పొలం గట్టు దగ్గర కొట్టుకున్నట్టుగా పడవా అలలూ పోట్లాడుకున్నాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి అలలు ఆగిపోయాయి. మే నెల ఎండకు నీళ్ళ మీద నుంచి పాలలాంటి మసక లేచి, ఎడమ చేతి వైపు ఒడ్డున తాటిచెట్లు ముందు పల్చబడి, తర్వాత లేకుండా పోయాయి. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలియలేదు. ఒక పెద్ద సత్తు గిన్నె మీద ఇంకో గిన్నె బోర్లించి, మధ్యలో మమ్మల్ని పెట్టినట్టుంది.

అత్త నా వైపు చూసి కనుసైగ చేసింది. నేను లేచి పడవ అతనికి అడ్డంగా నిలబడి, చేపల గురించి ఒక ప్రశ్న వేశాను. అత్త దిండు లాగి, మావయ్య తల చుట్టూ మూడుసార్లు తిప్పి, కళ్ళు మూసుకుని భుజం మీదుగా వెనక్కి విసిరింది. గుభేల్మని చప్పుడైంది. మేం ముగ్గురం మెడలు బిగించుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాం, ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు.

"ఏందమ్మా పడింది?" అన్నాడు పడవ అతను.

"ఏం లేదయ్యా, దిండు జారింది. పోతే పోయిందిలే. పోనియ్యి."

"అయ్యో, పెద్దాయనకి నడుంనొప్పంటిరి గదమ్మా. దిండేగా, తేలతా ఉంటది. తీసుకుందాం" అని ఆ మంచి మనిషి పడవ తిప్పేశాడు.

"తిప్పొద్దయ్యో!" అని అత్త అరిచిన అరుపుకు మావయ్య పాత గొంతు గుర్తొచ్చింది. పడవ అప్పటికే గుండ్రంగా తిరుగుతోంది. వెనక్కి చూడకూడదన్నారు, పడవే వెనక్కి తిరిగితే ఎటు చూడాలి? అత్త కొంగు మొహం మీద కప్పుకుంది. నేను నా చెప్పులు చూసుకున్నాను. పడవ అతను నీళ్ళంతా వెతికి, "దిండు మునగడమేందీ?" అన్నాడు. అతని గొంతులో అనుమానం మొదలైంది. పడవను మళ్ళీ నిజాంపట్నం వైపు తిప్పాడు. అంతలో ఇంజను ఒకసారి గొంతు పట్టేసినట్టు గురగురమని ఆగిపోయింది.

గంటన్నర డీజిలింజను పక్కన కూర్చున్న చెవులకు ఆ నిశ్శబ్దం దెబ్బలా తగిలింది. పక్షి లేదు. అల లేదు. గాలి లేదు. అతను హ్యాండిలు వేసి రెండుసార్లు తిప్పాడు. కదల్లేదు. "పంకాకేందో చుట్టుకుంది. కాసేపు ఇంజను చల్లారనీండి, కాడ ఎత్తి చూద్దాం" అన్నాడు. కూర్చున్నాం. ఎంతసేపో చెప్పలేను. నేను మామూలుగా పది నిమిషాలను గంట చేసి చెప్పే మనిషిని, అది మాత్రం అరగంట పైమాటే.

అప్పుడు కింద నుంచి చప్పుడు వచ్చింది.

తప్.

తడి అరచేత్తో తలుపు తట్టినట్టు. పడవ అడుగున, సరిగ్గా మావయ్య కూర్చున్న చోట.

తప్. తప్.

"చేపా?" అన్నాను పడవ అతనితో.

"చేప ఇట్టా తట్టదు" అన్నాడతను. అన్నాక, అనకుండా ఉండాల్సిందన్నట్టు నోరు మూసుకున్నాడు. తర్వాత, "బాబూ, నువ్విటొచ్చి ఈ కాడ పట్టుకో, నేను వంగి చూస్తా" అన్నాడు.

నేను లేచాను. అత్త నా చొక్కా పట్టుకుంది. "వెనక్కి తిరక్కురా అబ్బాయ్! చచ్చినంత ఒట్టు."

అందుకని వెనక్కి నడిచాను. మొహం నిజాంపట్నం వైపు, కాళ్ళు ఓడరేవు వైపు. వీపు వెనకాల చేతులు చాచి, తడుముకుంటూ, ఆ జిడ్డు కాడ పట్టుకున్నాను. సముద్రయానాల చరిత్రలో ఇంజనును వీపుతో బాగుచేసిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. నవ్వు రావాల్సిన సంగతే. కానీ నా ఎదురుగా మావయ్య ఉన్నాడు. ఆయన చప్పుడు వస్తున్న వైపు చెవి పెట్టి వింటున్నాడు, గొంతు గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్న మనిషిలా. చప్పుడు మెల్లగా అడుగు నుంచి పక్కకు, పక్క నుంచి పైకి వచ్చింది. అత్త అరచేయి ఆయన చెంప మీద పెట్టి మొహం ముందుకు తిప్పింది. ఆయన ఆ చెయ్యి తీసేసి, వెనక్కి తిరిగి చూశాడు.

ఆయన కళ్ళు చూసి నేనూ తిరిగాను. ఒట్టు సంగతి అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

నీళ్ళ మీద మావయ్య బోర్లా తేలుతున్నాడు. అంటే, చొక్కా. ఉప్పంతా కరిగిపోయి, కుట్లు వదులై, లోపలికి మడిచిన చేతులు రెండూ బయటికొచ్చి బార్లా చాపుకుని ఉన్నాయి. ఎడమ చెయ్యి చివర గుండీ ఉన్న పట్టీ నీటి కదలికకు లేచి పడవకు తగులుతోంది. తప్. మెడ దగ్గర కుట్టు విడిపోయి, మెడ ఉండాల్సిన చోట నుంచి మిరపకాయలు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తున్నాయి. పడవ చుట్టూ, చప్పుడు లేకుండా, అవి పరుచుకుంటున్నాయి. చూస్తూండగానే నీళ్ళు కనపడలేదు. ఎర్రగా కల్లం ఆరబోసినట్టుంది, దాని మధ్యలో మేమున్నాం.

ఎండుమిరపకాయ తేలుతుందని మా మగవాళ్ళెవరికీ తెలియదు. ఎండిన కాయను నీళ్ళలో వేసే పాపం మా చేతులతో ఎప్పుడూ చెయ్యలేదు. పచ్చడికి నానబెట్టేటప్పుడు తేలకుండా పైన గిన్నె బోర్లిస్తానని అత్త హార్బరు చేరాక చెప్పింది. అక్కడ మాత్రం ఆవిడకీ ఆ సంగతి గుర్తురాలేదు.

మావయ్య ఆ కాయల్ని చూశాడు. ఆయన మొహంలో భయం పోయింది. భయం కంటే పాతదేదో వచ్చింది. లేచి నిలబడ్డాడు, పడవ ఊగింది, ఛాతీ నిండా గాలి పీల్చాడు, మెడనరాలు తాళ్ళలా లేచాయి.

"పట్టా కప్పండ్రా! కాయ తడుస్తందిరోయ్!"

గొంతొచ్చింది. మాటలు ఆయనవే, గొంతు ఆయనది కాదు. సన్నగా, పొడిగా, ఎవరో జబ్బుపడి లేచిన పరాయి మనిషి పక్కింట్లోంచి పిలిచినట్టుంది. మూడు నెలల తర్వాత మాట్లాడిన మొగుణ్ణి చూసి అత్త సంతోషించలేదు. పరాయి మగవాడు మాట్లాడినప్పుడు చేసినట్టు కొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

అంతలో మసకలోంచి, మేం వచ్చిన వైపు నుంచి, జవాబొచ్చింది.

"పట్టా కప్పండ్రా! కాయ తడుస్తందిరోయ్!"

అది మావయ్య పాత గొంతు. ప్రత్తిపాడు అరుగు మీది గొంతు. మూడు ఊళ్ళను గట్టెక్కించే గొంతు. కాడ పట్టుకున్న నా వేళ్ళకు అదురు తెలిసింది. సముద్రం మధ్యలో ప్రతిధ్వని రాదని, తిరిగి రావడానికి అక్కడ గోడేమీ లేదని, మా ఊరి సైన్సు మాస్టారు ఆ తర్వాత కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పాడు. వచ్చిందండీ అన్నాను. వచ్చినా మీ మావయ్య ఎట్టా అరిస్తే అట్టాగే రావాలిగాని, ఇంకో గొంతుతో ఎట్టా వస్తుంది అన్నాడు. అదే నేనూ ఆయన్ని అడుగుతున్నాను.

పడవ అతను మోకాళ్ళ మీద కూర్చుని, పెదవులు కదుపుతూ, కత్తి తీసి, పంకాకు చుట్టుకున్న తువాలు కోసేశాడు. పడవ తిప్పినప్పుడు చుట్టుకున్నది ఆ తువాలే, దాని రెండో కొస ముడే చొక్కాను మా వెంట లాక్కొచ్చింది. ఆ ముక్క నీళ్ళలో పడేసి హ్యాండిలు వేశాడు. ఇంజను అందుకుంది. మిరపకాయల్లోంచి పడవ నల్లటి దారి చేసుకుంటూ పోయింది. ఆ దారి వెనకాల మళ్ళీ మూసుకుపోయింది. చొక్కా మాతో రాలేదు.

హార్బరు దాకా ఎవరూ పులిహోర ముట్టలేదు. మా వంశంలో అది మొదటిసారి, చివరిసారి కూడా.

నిజాంపట్నంలో దిగేటప్పటికి ఎండ చురుక్కుమంటోంది. ఐసు మరల హోరు, ఎండుచేపల వాసన, బోట్ల మధ్య కేకలు. ఇన్ని గొంతులు వినడం ఎంత హాయో అప్పుడు తెలిసింది. పడవ అతను చార్జీ తీసుకుని, అత్తతో మెల్లగా, "దిండన్నారు గదమ్మా" అన్నాడు. అత్త తల దించుకుంది. అతను ఇంజను డబ్బా మీది శిలువను లుంగీ అంచుతో తుడిచి వెళ్ళిపోయాడు.

హార్బరు బజారులో ఎస్టీడీ బూతుంది. మావయ్యకు గొంతొచ్చిందని మా అమ్మకు చెప్పాలిగా. అమ్మ ఆయనకు అక్క. తమ్ముడి గొంతు కోసం మూడు నెలలుగా పెదకాకాని గుడిలో సోమవారాలు చేస్తోంది. నంబరు కలిపి రిసీవరు ఆయనకే ఇచ్చాను.

"అక్కా" అన్నాడు.

"ఎవరండీ?" అంది అమ్మ. బూతులో నాకూ వినపడింది.

"నేనే అక్కా."

"నేనంటే ఎవరండీ? ఎవరు కావాలండీ మీకు?"

పుట్టిన దగ్గర్నుంచి ఒరేయ్ అని తప్ప పిలవని తమ్ముణ్ణి మా అమ్మ అండీ అంది. మావయ్య రిసీవరు నా చేతికిచ్చి బయటికెళ్ళి నిలబడ్డాడు.

సోమవారం గుంటూరులో డాక్టరు అద్దం పెట్టి చూశాడు, లైటు మార్చి మళ్ళీ చూశాడు. కాయ లేదు. గొంతు కొయ్యాల్సిన పని లేదన్నాడు. ఈ మందులకి ఇంత తొందరగా తగ్గడం తను చూడలేదట. "గొంతు మాత్రం ఇంతేనండీ. ఇట్టాగే ఉంటుంది" అన్నాడు. కత్తి తప్పిందని అత్త ఆసుపత్రి మెట్ల మీదే దండం పెట్టింది. ఇంటికొచ్చాక మాత్రం, "వెనక్కి చూడకుండా ఉంటే గొంతు కూడా వచ్చేది. చూశాడు. అది అక్కడే ఉండిపోయింది" అంది. అప్పట్నుంచి ఆవిడ ఆయనకు జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతుంది. ముందు ఎవరు మాట్లాడారో చూసి, అప్పుడు పలుకుతుంది. మావయ్య మళ్ళీ కండక్టరు ఈల మెడలో వేసుకున్నాడు. ఆ సన్నటి గొంతుకు కూలీలు గట్టెక్కరు మరి.

ఆరేడేళ్ళ తర్వాత మా ఆవిడనీ పిల్లల్నీ తీసుకుని వేసవిలో ఓడరేవు వెళ్ళాను. పిల్లలు ఇసకలో ఆడుకుంటుంటే టీకొట్టు దగ్గర ఒకాయన నన్నే చూస్తున్నాడు. జుట్టు నెరిసింది గానీ పడవ అతనే. దగ్గరకొచ్చి, ఏం బాగున్నారా అని కూడా అడక్కుండా, "ఆ పెద్దాయన ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు. బాగున్నాడు."

"ఉన్నాడా!" అన్నాడు. అతని మొహంలో కనపడింది సంతోషం కాదు. గ్లాసులోకి చూస్తూ అన్నాడు: "నేను దయ్యాల్ని నమ్మనండి. ప్రభువుని నమ్మినవాణ్ణి. కానీ ఎండాకాలం గాలి పడిపోయి మసకేసినప్పుడు, అటేపు వలేస్తే, ఒక గొంతు వినపడతదండి. మావోళ్ళందరూ విన్నారు. ముందు ఎవరో ఆపదలో ఉన్నారని పడవలేసుకుని వెతికారు కూడా. సముద్రంలో పట్టా కప్పమంటాడేందిరా అనుకున్నారు. నాకు తెలుసు గదండీ. నేను చెప్పలా. చనిపోయాడేమో, అందుకే వినపడతందేమో అనుకున్నా." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "బతికే ఉన్నాడంటున్నారు."

నేనీ సంగతి చాలా రోజులు కడుపులో పెట్టుకున్నాను. నా కడుపులో సంగతులు నిలవవని అందరికీ తెలుసు, కాబట్టి అదెంత బరువో మీరే ఊహించుకోండి. చివరికి ఆ మాఘంలో ప్రత్తిపాడు వెళ్ళినప్పుడు చెప్పేశాను. మావయ్య కల్లం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముందు ఎర్రగా కాయ పరిచి ఉంది. మధ్యాహ్నం ఎండ. ఆకాశంలో వెతికినా మబ్బుతునక లేదు. నేను మొత్తం చెప్పాను, ఈసారి ఏమీ కలపకుండా.

ఆయన విన్నాడు. నేను నవ్వుతాడేమో అనుకున్నాను, తిడతాడేమో అనుకున్నాను.

"ఏమంటందంటా?" అన్నాడు ఆ పరాయి గొంతుతో.

"పట్టా కప్పమంటందంట మావయ్యా."

కాయల వైపు చూశాడు.

"అయితే ఇంతవరకూ ఎవరూ కప్పలా" అన్నాడు.

తర్వాత లేచి, షెడ్డులోంచి పట్టా లాక్కొచ్చి, ఆ మండుటెండలో, ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు.